అక్కడ ఎస్సీ కాదు, ఇక్కడ లోకల్ కాదు (వాడ నుంచి – 14)



ఈ వారం హాస్టల్ మెస్ చార్జీల గురించి రాస్తానని మాటిచ్చాను. దాన్ని వచ్చే వారానికి జరుపుతున్నాను. మధ్యలో మోస్రా నుంచి ఒక ఫోన్ వచ్చింది. అది విన్నాక ఇంకో విషయం రాయబుద్ధి కాలేదు.

ఫోన్ చేసింది ఇంటర్ బైపీసీ పాసై నీట్ రాసిన ఒక చెల్లె. పేరు రాయను. "అన్నా, నేను లోకల్ కాదంటున్నరు. మా అవ్వది మోస్రానే, నాయినది మోస్రానే. మా తాతను బొంద పెట్టింది గూడ ఈడనే. నేను లోకల్ కాకుంటే మరి ఏడిదాన్ని అన్నా?"

నా దగ్గర వెంటనే జవాబు లేదు. ఈ పోస్టు ఆ జవాబు కోసమే.

మోస్రా తెలియని వాళ్ళకు ఒక మాట. ఇది నిజామాబాద్ జిల్లాలో ఒకప్పుడు వర్ని మండలంలోని ఊరు, ఇప్పుడు తానే మండల కేంద్రం. నిజాంసాగర్ కాలువ కింది పల్లెలు. వరి పండే నేల. బోధన్ దిక్కు పోతే ఒకప్పుడు చెరుకు. బోధన్ దాటి ఇంకొంచెం పోతే మహారాష్ట్ర. ఇంత నీళ్ళున్న నేలలో కూడా ఆ చెల్లె నాయినకు గుంట భూమి లేదు. బోధన్ శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ నడిచినన్నాళ్ళు గానుగ సీజన్‌లో కూలీ పని దొరికేది. నిజాం కాలంలో, 1930లలో మొదలైన ఆ ఫ్యాక్టరీ ఒకప్పుడు ఆసియాలోనే పెద్ద చక్కెర ఫ్యాక్టరీల్లో ఒకటి. 2002లో ప్రైవేటు చేతికి పోయింది. 2015 డిసెంబర్‌లో లే ఆఫ్ అని బోర్డు పెట్టారు. పర్మినెంట్ కార్మికుల బకాయిల గురించి అయినా పేపర్లు రాశాయి. సీజన్ కూలీల గురించి రాసినోళ్ళు తక్కువ. చక్కెర పని తెలిసినోడు చక్కెర ఉన్న చోటికే పోతాడు. ఆయన మేస్త్రీ వెంట మహారాష్ట్రలో ఒక చక్కెర ఫ్యాక్టరీకి పోయాడు.

పిల్ల మోస్రాలో నాయనమ్మ దగ్గర ఉండి ఒకటి నుంచి ఏడో తరగతి దాకా ఊరి బడిలో చదివింది. నాయనమ్మ చనిపోయింది. ఆడపిల్లను ఒక్కదాన్నే ఇంట్లో ఎట్లా విడిచిపెడతారు? వెంట తీసుకుపోయారు. ఎనిమిది, తొమ్మిది, పది అక్కడ మరాఠీ బడిలో. పది పాసయ్యాక మేనమామ పట్టుబట్టి మళ్ళీ ఇక్కడికి తెచ్చి ఇంటర్‌లో చేర్పించాడు. మరాఠీలో చదివిన సైన్సును మళ్ళీ కొత్తగా నేర్చుకుని, ఎస్సీ కేటగిరీలో సీటు మీద ఆశ పెట్టుకోదగ్గ ర్యాంకు తెచ్చుకుంది. సర్టిఫికెట్ల దగ్గర ఆగిపోయింది.

రూల్ ఏం చెప్తుంది?

తెలంగాణ ప్రభుత్వం 2017లో చేసిన మెడికల్, డెంటల్ కాలేజీల ప్రవేశ నిబంధనలను 2024 జూలైలో జీవో 33తో సవరించింది. ఆ ప్రకారం లోకల్ కావాలంటే ఇంటర్‌తో ముగిసేలా వరుసగా నాలుగేళ్ళు తెలంగాణలోనే చదవాలి, ఇంటర్ ఇక్కడే పాసవ్వాలి. అంటే తొమ్మిది, పది, ఇంటర్ రెండేళ్ళు. దీని మీద చాలామంది హైకోర్టుకు పోయారు. 2024 సెప్టెంబర్‌లో హైకోర్టు విద్యార్థుల వైపు నిలిచింది. ప్రభుత్వం సుప్రీంకోర్టుకు పోయింది. 2025 సెప్టెంబర్ 1న ప్రధాన న్యాయమూర్తి బి.ఆర్. గవాయి, జస్టిస్ వినోద్ చంద్రన్ ధర్మాసనం హైకోర్టు తీర్పును పక్కన పెట్టి, నాలుగేళ్ళ రూల్ చెల్లుతుందని చెప్పింది.

మన చెల్లె లెక్క వేసుకోండి. మోస్రాలో ఏడేళ్ళు, ఇంటర్ రెండేళ్ళు. మొత్తం తొమ్మిదేళ్ళు తెలంగాణ బడుల్లోనే కూర్చుంది. కానీ ఆ రూల్‌కు కావాల్సిన నాలుగేళ్ళలో రెండే ఉన్నాయి. కాబట్టి నాన్ లోకల్.

ఇప్పుడు ఇంకో కాగితం తీయండి. ప్రభుత్వ ఉద్యోగాల కోసం వచ్చిన 2018 రాష్ట్రపతి ఉత్తర్వు. అందులో లోకల్ అంటే ఒకటి నుంచి ఏడో తరగతి మధ్య కనీసం నాలుగేళ్ళు ఎక్కడ చదివారో ఆ ప్రాంతం. జిల్లా పోస్టుల్లో 95 శాతం లోకల్ వాళ్ళకే. ఆ లెక్కన మన చెల్లె నిఖార్సయిన నిజామాబాద్ జిల్లా లోకల్.

అంటే అదే పిల్ల ఆస్పత్రిలో జూనియర్ అసిస్టెంట్ పోస్టుకు లోకల్. అదే ఆస్పత్రిలో డాక్టర్ అయ్యే చదువుకు నాన్ లోకల్. ఒకే రాష్ట్రం, రెండు కొలతలు. ఉద్యోగం కొలిచేటప్పుడు చిన్నప్పటి బడి చూస్తారు, సీటు కొలిచేటప్పుడు చివరి బడి చూస్తారు. వలస కుటుంబాల పిల్లలు జారిపోయేది సరిగ్గా ఈ రెండింటి నడుమ.

డబ్బు లెక్క కూడా చూడండి. ప్రభుత్వ మెడికల్ కాలేజీలో ట్యూషన్ ఫీజు ఏడాదికి 10 వేలు. ప్రైవేటు కాలేజీ యాజమాన్య కోటాలో అది 10 లక్షలు దాటుతుంది. లోకల్ అనే ఒక్క ముద్ర విలువ అది.

మరి పోయిన చోటన్నా దొరుకుతుందా?

"మహారాష్ట్రలో చదివింది కదా, అక్కడ అడగమను" అన్నాడు ఒక మిత్రుడు. ఇక్కడే మన వాళ్ళకు రెండో దెబ్బ.

ఎస్సీ, ఎస్టీ గుర్తింపు రాజ్యాంగం 341, 342 అధికరణల కింద రాష్ట్రాల వారీగా ఉంటుంది. 1950 ఆగస్టు 10న ఎస్సీ ఉత్తర్వు వచ్చింది. ఆ తేదీ తర్వాత ఒక రాష్ట్రం నుంచి ఇంకో రాష్ట్రానికి పోయిన వాళ్ళు కొత్త రాష్ట్రంలో ఆ రాష్ట్రపు ఎస్సీలు కారు. సొంత రాష్ట్రంలో, కేంద్ర సంస్థల్లో మాత్రమే హక్కు. ఇది తేల్చిన పెద్ద కేసు కూడా తెలుగు పిల్లవాడిదే. తెనాలిలో పుట్టిన మర్రి చంద్రశేఖర్ రావు, ఎస్టీ. తండ్రికి ఎరువుల సంస్థలో ఉద్యోగం వచ్చి కుటుంబం బొంబాయి పోయింది. అక్కడ మెడికల్ సీటుకు ఎస్టీగా దరఖాస్తు చేస్తే ఒప్పుకోలేదు. 1990లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం కూడా ఒప్పుకోలేదు.

మాల, మాదిగ పేర్లు మహారాష్ట్ర ఎస్సీ జాబితాలో కూడా ఉన్నాయి. అయినా మోస్రా మాదిగ నాందేడ్ పోతే అక్కడి ప్రభుత్వ లెక్కలో ఎస్సీ కాడు. అక్కడి అగ్రకులపోళ్ళ లెక్కలో మాత్రం మాదిగే. అంటరానితనం సరిహద్దు దాటి వెంట వస్తుంది. రిజర్వేషన్ మాత్రం సరిహద్దు దగ్గర దిగిపోతుంది. ఓసీ కుటుంబం వలస పోతే పోయేది ఒక్క స్థానికత. మనకు స్థానికతతో పాటు కులం మీద వచ్చే హక్కు కూడా పోతుంది. అక్కడ ఎస్సీ కాదు, ఇక్కడ లోకల్ కాదు. రెండు సున్నాలు కలిపితే ఒక పిల్ల జీవితం.

మినహాయింపు ఎవరికి?

ఈ రూల్‌కు మినహాయింపులు లేవా? ఉన్నాయి. సుప్రీంకోర్టులో కేసు నడుస్తుండగా ప్రభుత్వమే ఒక జాబితా ముందుపెట్టింది, కోర్టు ఒప్పుకుంది. బయటి రాష్ట్రాల్లో పనిచేసిన తెలంగాణ ప్రభుత్వ ఉద్యోగుల పిల్లలు. తెలంగాణ కేడర్ ఐఏఎస్, ఐపీఎస్ లాంటి అఖిల భారత సర్వీసుల వాళ్ళ పిల్లలు. ఉద్యోగంలో చేరేటప్పుడు సొంతూరు తెలంగాణ అని రాసిన సైన్యం, కేంద్ర పోలీసు బలగాల వాళ్ళ పిల్లలు. దేశంలో ఎక్కడికైనా బదిలీ అయ్యే రాష్ట్ర కార్పొరేషన్ల ఉద్యోగుల పిల్లలు.

ఈ మినహాయింపులు తప్పని నేను అనను. నాయిన బదిలీ అయితే పిల్లల తప్పేముంది? సరైన మాటే. కానీ అదే మాట కూలీ పిల్లకు ఎందుకు వర్తించదు? సార్‌ను పంపేది ప్రభుత్వ ఉత్తర్వు. కూలీని పంపేది మూతపడ్డ ఫ్యాక్టరీ. సార్‌కు బదిలీ కాగితం ఉంటుంది, టీఏ డీఏ ఉంటుంది. కూలీకి మేస్త్రీ ఇచ్చిన అడ్వాన్సు ఉంటుంది, అది అప్పు. ఇద్దరిలో ఎవరికి ఇష్టం లేని ప్రయాణం ఎక్కువ?

బాబాసాహెబ్‌నే తీసుకోండి. 1891లో మౌలో పుట్టాడు. సొంతూరు రత్నగిరి జిల్లా అంబడవె. సతారాలో చదివాడు, తర్వాత బొంబాయిలో. 1913లో బరోడా మహారాజు సయాజీరావు స్కాలర్‌షిప్ మీద కొలంబియా పోయాడు. ఈ నాలుగేళ్ళ కొలతతో అంబేడ్కర్ ఏ ఊరి లోకల్? తండ్రి రాంజీ సైన్యంలో సుబేదార్ కాబట్టి ఇవాళ్టి మినహాయింపు జాబితాలో ఆయనకు చోటు దొరకవచ్చు. అదే రాంజీ ఇటుక బట్టీ కూలీ అయి ఉంటే? ఈ ప్రశ్నకు ఆ జాబితాలో జవాబు లేదు.

స్థానికతకు నేను వ్యతిరేకం కాదు

కామెంట్లలో ఎవరో ఒకరు అడుగుతారు కాబట్టి ముందే చెప్తున్నా. స్థానికత మనం కొట్లాడి తెచ్చుకున్నది. 1952లో ముల్కీ ఉద్యమంలో పిల్లలు తూటాలకు బలయ్యారు. 1969లో వందల మంది పోయారు. 1973లో 32వ రాజ్యాంగ సవరణతో 371-డి వచ్చింది, 1974లో విద్యాసంస్థల ఉత్తర్వు వచ్చింది, 85 శాతం సీట్లు లోకల్ వాళ్ళకని రాసుకున్నాం. విభజన చట్టం ఇచ్చిన పదేళ్ళ ఉమ్మడి ప్రవేశాల గడువు 2024 జూన్ 2తో ముగిసింది. తెలంగాణ సీటు తెలంగాణ బిడ్డకే అన్న మాటలో నేను ఒక్క అక్షరం కూడా వెనక్కి తీసుకోను.

నా గొడవ బిడ్డను గుర్తుపట్టే పద్ధతితో. నాలుగేళ్ళ కొలత కదలకుండా ఉండగలిగినోళ్ళను గుర్తుపడుతుంది. ఒక చోట నిలబడాలంటే భూమన్నా ఉండాలి, జీతమన్నా ఉండాలి. మా దిక్కు చూడండి. నిజాంసాగర్ వచ్చాక కోస్తా నుంచి రైతులు వచ్చి భూములు కొని క్యాంపులు కట్టుకున్నారు. వాళ్ళ మనుమలు ఇక్కడే పుట్టారు, ఇక్కడే చదివారు, వాళ్ళు లోకల్. నాకు దానితో పేచీ లేదు. కానీ ఆ పొలాల్లో తరాల నుంచి నాట్లేసిన వాడ పిల్ల నాన్ లోకల్ అయితే, ఆ కొలత ఏదో భూమిని చూస్తుంది గానీ మనిషిని చూస్తలేదు.

కాగితాల విషయంలోనూ అంతే. 2014లో ఫీజుల కోసం ఫాస్ట్ పథకం పెట్టి, 1956కు ముందు నుంచి ఇక్కడ ఉన్నట్టు చూపాలన్నారు. హైకోర్టు ప్రశ్నించింది, ప్రభుత్వం పథకాన్నే వదిలేసింది. ఆ రోజుల్లో మన వాడల్లో ఏం జరిగిందో గుర్తుందా? 1956 కాగితమంటే పహాణీ. పహాణీలో పేరుండాలంటే భూమి ఉండాలి. తరాలుగా ఇక్కడే ఉన్నోళ్ళ దగ్గర ఇక్కడున్నట్టు రాసిన కాగితం లేదు. వెట్టి చేసినోళ్ళ పేర్లు ఏ రికార్డులో రాశారు?

"దొంగలు దూరుతారు" అనే మాట

రూల్ సడలిస్తే డబ్బున్నోళ్ళు వాడుకుంటారని వాదన. కోటాలో, విజయవాడలో లక్షలు కట్టి కోచింగ్ తీసుకున్నోళ్ళు కూడా వచ్చి లోకల్ అంటారని. భయం నిజమే. జీవో 33 మీద కోర్టుకు పోయినోళ్ళలో అలాంటి వాళ్ళు లేరని నేను అనను.

కానీ దానికి తలుపు మొత్తం మూయాల్సిన పని లేదు, గడప ఎత్తు చూసుకుంటే చాలు. ఎస్సీ పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్‌కు కేంద్రం పెట్టిన ఆదాయ పరిమితి రెండున్నర లక్షలు. ఆ పరిమితిలో ఉన్న కుటుంబానికే మినహాయింపు ఇవ్వండి. కోటా కోచింగ్ వాళ్ళు అక్కడే ఆగిపోతారు. తల్లిదండ్రుల్లో ఒకరు మొత్తం పదేళ్ళు తెలంగాణలో ఉన్నట్టు చూపమనండి. ఇది కొత్త ఆలోచన కాదు. 2025 ఫిబ్రవరిలో ఇంజనీరింగ్ తదితర కోర్సుల కోసం ఇచ్చిన జీవో 15లో, మిగిలిన 15 శాతం సీట్లకు సరిగ్గా ఈ కొలతే ఉంది. విద్యార్థి గానీ, తల్లిదండ్రుల్లో ఒకరు గానీ మొత్తం పదేళ్ళు రాష్ట్రంలో ఉంటే చాలు. విద్యార్థి బయట చదివిన కాలాన్ని, తల్లిదండ్రులు బయట పనిచేసిన కాలాన్ని పక్కన పెట్టి మిగతాది లెక్కిస్తారు. ఇంజనీరింగ్‌లో 15 శాతానికి పనికొచ్చిన కొలత, కూలీ బిడ్డ మెడికల్ సీటుకు ఎందుకు పనికిరాదు?

అమెరికాలో చదివే మన పిల్లలకు ఇన్-స్టేట్ ట్యూషన్ అనే మాట తెలుసు. అక్కడి ప్రభుత్వ యూనివర్సిటీల్లో సొంత రాష్ట్రం పిల్లలకు ఫీజు తక్కువ, బయటి వాళ్ళకు చాలా ఎక్కువ. కానీ చాలా రాష్ట్రాల్లో తల్లిదండ్రుల ఇల్లు ఎక్కడుంది, తిరిగొచ్చే ఉద్దేశం ఉందా అని చూస్తారు. చదువు కోసం కొన్నాళ్ళు బయటికి పోయినంత మాత్రాన నివాసం పోదు. పంటల వెంట తిరిగే వలస కూలీల పిల్లల చదువు కోసం 1966 నుంచి ప్రత్యేకంగా కేంద్ర కార్యక్రమమే ఉంది. ఆ దేశం ఏదో స్వర్గమని కాదు. తిరిగే కూలీకి బిడ్డ ఉంటుందని ఆ చట్టం గుర్తుపెట్టుకుంది, అంతే.

మన చట్టానికీ ఆ ఎరుక కొంత ఉంది. 2009 విద్యా హక్కు చట్టం 5వ సెక్షన్ ప్రకారం పిల్లలు రాష్ట్రం లోపలైనా బయటైనా ఇంకో బడికి మారవచ్చు, హెడ్‌మాస్టర్ వెంటనే టీసీ ఇవ్వాలి. ఒక చట్టం పొమ్మని టీసీ ఇస్తుంది. పోయొచ్చాక ఇంకో రూల్ ఎందుకు పోయావని అడుగుతుంది.

బయట చదువుతున్న తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు

ఢిల్లీ, ముంబై, పుణె యూనివర్సిటీల నుంచి ఇది చదువుతున్న వాళ్ళు చాలామంది ఉన్నారని నాకు తెలుసు. ఈ సమస్య మీది కూడా. లోకల్ లెక్క మీరు చేరబోయే కోర్సుకు కావాల్సిన పరీక్ష నుంచి వెనక్కి వేస్తారు. బీఈడీకి ఆ పరీక్ష డిగ్రీ. అంటే మోస్రాలో పుట్టి ఇంటర్ దాకా ఇక్కడే చదివి, ఢిల్లీలో బీఏ చేసి, వచ్చి నిజామాబాద్‌లో బీఈడీ చేద్దామంటే నాలుగేళ్ళ లెక్కలో మీరు తప్పిపోతారు. అప్పుడు మీకు దిక్కు ఆ 15 శాతం, తల్లిదండ్రుల పదేళ్ళ నివాసం. కాబట్టి కొన్ని పనులు ఇప్పుడే చేయండి.

ఒకటి, ఒకటో తరగతి నుంచి ప్రతి తరగతికీ స్టడీ సర్టిఫికెట్ తీసి పెట్టుకోండి. బడులు మూతపడుతున్నాయి, రిజిస్టర్లు చెదలు పడుతున్నాయి. రెండు, ప్రతి టీసీ జిరాక్స్ దాచండి. మూడు, అవ్వ నాయినల పేర్లు ఊరి ఓటరు లిస్టులో, రేషన్ కార్డులో, ఉపాధి హామీ జాబ్ కార్డులో ఉన్నాయో లేదో చూడండి. వలస పోయినోళ్ళ పేర్లు చెప్పకుండా తీసేస్తారు. నాలుగు, తల్లిదండ్రుల నివాస ధ్రువపత్రం కౌన్సెలింగ్ ముందు రోజు కాదు, ఆరు నెలల ముందే అడగండి. అయిదు, ఎస్సీ పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ మీరు ఏ రాష్ట్రంలో చదివినా ఇవ్వాల్సింది మీ సొంత రాష్ట్రమే. "బయట చదువుతున్నావు కాబట్టి రాదు" అని ఎవరైనా అంటే ఆ మాట కాగితం మీద రాసిమ్మనండి.

మన డిమాండ్లు

బదిలీ అయిన ఉద్యోగుల పిల్లల పక్కన ఇంకో వరుస చేర్చండి: వలస కూలీల పిల్లలు, ఆదాయ పరిమితితో, తల్లిదండ్రుల పదేళ్ళ నివాసంతో.

ఉద్యోగాలకు చాలిన ఒకటి నుంచి ఏడో తరగతి కొలతను సీట్లకు కూడా రెండో దారిగా ఒప్పుకోండి.

స్థానికతకు రుజువుగా భూమి కాగితాలు అడగడం మాని, బడి రిజిస్టర్, జాబ్ కార్డు, ఓటరు లిస్టు చూడండి.

నాలుగేళ్ళ రూల్ పెట్టింది ఇక్కడి పిల్లలు డాక్టర్లయితే ఇక్కడే వైద్యం చేస్తారనే కదా. మరి మోస్రా పీహెచ్‌సీలో రాత్రి డ్యూటీకి ఎవరు నిలబడతారో ఒక్కసారి ఆలోచించండి. నాయనమ్మ జ్వరంతో పోయిన ఇంటి పిల్ల నిలబడుతుందా, లేదా హైదరాబాద్‌లో కార్పొరేట్ కాలేజీ హాస్టల్లో నాలుగేళ్ళు వరుసగా ఉన్న పిల్లవాడు నిలబడతాడా?

ఆ చెల్లెకు నేను చివరకు చెప్పింది ఇది: "నువ్వు మోస్రా దానివే. ఆ సంగతి రూల్‌కు తెల్వది. తెలిసేదాకా కొట్లాడుదాం." ఆమె కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "సరే అన్నా, వచ్చే ఏడు మళ్ళీ రాస్త, గీ లోపట రూల్ మారాలె" అంది. షరతు నాకు పెట్టినట్టే అనిపించింది. మీకు కూడా.

మీ వాడల్లో, తండాల్లో ఇలా మధ్యలో బయట చదివి వచ్చిన పిల్లలుంటే ఏ తరగతి ఎక్కడ చదివారో రాసి నాకు మెసేజ్ పెట్టండి. పేర్లు బయటికి రావు. వినతిపత్రం పట్టుకుని పోయేటప్పుడు చేతిలో ఒక్క చెల్లె కథ కాదు, ఒక కట్ట ఉండాలి.

వచ్చే వారం, ఈసారి తప్పకుండా, మెస్ చార్జీలు.

జై భీమ్.